ఎవరి పడవ చేప

మా అమ్మ చేపలమ్మే మనిషిని ఎన్నడూ నమ్మలేదు. తొండియార్‌పేటలో మా వీధికి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే ఆమె అమ్మకు ఏళ్ళ తరబడి తెలిసిన మనిషే. ఆమె కూతురు పురుడు పోసుకున్నప్పుడు అమ్మ మిరియాల చారు కాచి పంపింది. వాళ్ళింట్లో పెళ్ళికి అందరికన్నా ముందు వెళ్ళి కూర్చుంది. అయినా చేప దగ్గరికి వచ్చేసరికి మొప్ప ఎత్తి చూడాల్సిందే, పొట్ట నొక్కాల్సిందే. ఆ తట్టామె తిట్టేది, అమ్మ నవ్వేది, చేప మాత్రం పరీక్ష పాసైతేనే మా గుమ్మం దాటేది. నేను ఆ గుమ్మంలో పెరిగినదాన్ని.

అందుకే మా వదిన చేపల పులుసు పార్సిల్ షాపు పెడదామన్నప్పుడు నాకు ముందుగా వచ్చిన ప్రశ్న, కొనేవాళ్ళు వస్తారా అని కాదు, చేప ఎక్కడిది అని. అప్పటికి నేను టి. నగర్‌లో చీరల కొట్టు బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను. వదిన అంటే మా అన్న భార్య. ఆవిడ చేతి పులుసు మా బంధువుల్లో పేరు పడింది. మైలాపూరులో సముద్రం వైపు సందులో వాళ్ళ ఇల్లు. కింద వీధి గది ఖాళీగా ఉండేది. గుడి చుట్టుపక్కల వీధుల్లో చేప పేరెత్తితే మొహం తిప్పుకుంటారు గానీ, మా అన్న వాళ్ళ సందు దాటి నాలుగడుగులు వేస్తే ఉప్పుగాలి తగులుతుంది. అక్కడి లెక్క వేరు.

ఆ రోజుల్లో ఊళ్ళో ఒక మాట నడుస్తూ ఉండేది. చేప చెడిపోకుండా మందు కలుపుతున్నారని, శవాలకు వాడే మందేనని. నిజమెంతో నాకు తెలియదు. విన్నప్పటి నుంచీ మార్కెట్లో చేప కొనడం మానేశాను. అందుకని వదినతో ఒప్పందంగా చెప్పాను. ఒకే పడవ వాళ్ళ దగ్గర తీసుకుందాం, వాళ్ళకు పడిందే వండుదాం, పడనిది వండొద్దు. చుట్టుపక్కల జాలర్లకు సాయం చేయాలనే పెద్ద మనసు నాకుందని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఏదైనా తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలో తెలియాలి, అంతే నా ఆలోచన. సాయం అనే మాట తరువాత వచ్చి చేరింది.

దగ్గర్లో ఒడ్డున జాలర్ల పేట ఉంది, కుప్పం అంటారు; దాని పక్క రోడ్డు మీద చేపలు పెట్టుకుని కూర్చునే ఒకావిడతో మాట్లాడాను. వాళ్ళాయనకు చిన్న ఫైబర్ పడవ ఉంది. వాళ్ళ తాతలు నెల్లూరు తీరం నుంచి వచ్చారట, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పెద్ద మరపడవలు అడుగంటా వల ఈడ్చి పిల్ల చేపను కూడా ఊడ్చుకుపోతున్నాయని, తమకు ఏటేటా తగ్గిపోతోందని వాళ్ళాయన చెప్పాడు. ఏ చేప పడితే ఆ చేప తీసుకుంటామని, ఖరీదైన వంజరమే కావాలని పట్టుబట్టమని, గుడ్డుతో ఉన్నవీ వేలెడంత పిల్లలూ మాకు వద్దని నేను చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. అన్నీ తీసుకుంటానని మొదట్లో అందరూ అంటారు, నెత్తళ్ళు తెచ్చిన రోజు మొహం చిట్లిస్తారు అంది. నేను చిట్లించనన్నాను. ఆమె నమ్మలేదు. ఎందుకో ఆ నమ్మకపోవడమే నాకు నచ్చింది.

షాపు నడిచింది. నెత్తళ్ళు పడితే నెత్తళ్ళ వేపుడు, శంకర పడితే ఆ ఎర్ర చేపతో పులుసు. పడవ ముందు ఆ భార్యాభర్తలు నిలబడి ఉండగా ఫోటో తీసి, పెద్దది చేయించి గోడకు తగిలించాను. కింద 'మా చేప ఈ పడవది' అని తెలుగులోనూ తమిళంలోనూ రాయించాను. జనం ఫోటో చూసి, చేప చూసి, మళ్ళీ ఫోటో చూసేవాళ్ళు. మా అన్న డెలివరీ యాప్‌లో చేర్పించాక ఆ ఫోటో అక్కడికీ ఎక్కింది, పడవ బొమ్మ స్టిక్కరుగా పార్సిల్ సంచుల మీదకీ ఎక్కింది. ఫోన్లో ఆర్డరు గంట మోగని పూట లేకుండా పోయింది.

నేను ఉండేది తొండియార్‌పేటలోనే. ఇంటి పని ముగించుకుని రైళ్ళు మారి షాపుకు చేరేసరికి పొద్దెక్కేది. అప్పటికి చేప వచ్చి, కడిగి, కోసి, మసాలా పట్టించి ఉండేది. అది వదిన పని. కౌంటరూ పార్సిల్ కట్టడమూ నా పని. ఆ ఏర్పాటులో తప్పేమీ నాకు కనిపించలేదు.

వేసవి వచ్చింది. చేప గుడ్డు పెట్టే కాలమని మరపడవలు సముద్రంలోకి పోకుండా ప్రభుత్వం వేట ఆపేస్తుంది. ఒడ్డుకు దగ్గరగా తిరిగే చిన్న పడవలు మాత్రం పోవచ్చు. ఊళ్ళో చేప తగ్గిపోయి, పక్క రాష్ట్రాల నుంచి థర్మోకోల్ ఐసు పెట్టెల్లో దిగుతుంది. ఆ రోజుల్లో మా షాపులో మాత్రం వంజరం తగ్గలేదు. తగ్గకపోగా రోజూ ఉంది. ట్రేలో ముక్కలన్నీ ఒకే కొలతలో, చక్రాల్లాగా గుండ్రంగా, వరసగా. చిన్న పడవకు అప్పుడప్పుడూ ఒక వంజరం పడడం నేను చూశాను. ఇన్ని ఎట్లా పడుతున్నాయి?

మా దగ్గర రోజూ తీసుకుపోయే రిటైరైన పెద్దాయన ఒకరు ఉండేవారు. ఒక మధ్యాహ్నం పార్సిల్ అందుకుంటూ, "ఏమ్మా, ఈ పడవ ఐసు ఫ్యాక్టరీలోంచి వస్తాదా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ముక్క నోట్లో పెట్టుకుంటే పీచులాగా ఉందట, ఐసులో నిలవున్న చేపే అట్లా ఉంటుందట. నేను కూడా నవ్వి పంపించాను. ఆయన సందు మలుపు తిరిగాక వంటగదిలోకి వెళ్ళి ఒక ముక్క తిన్నాను. పీచులాగానే ఉంది. లేదా ఆయన మాట విన్నాక నా నాలుకకు అట్లా అనిపించింది.

అది మొదలు నా కళ్ళు ఊరుకోలేదు. పెరటి కాలువలో థర్మోకోల్ ముక్కలు తేలుతూ కనిపించాయి. అన్నను అడిగితే పక్కింటి వాళ్ళు కొత్త టీవీ తెచ్చుకున్నారు, ఆ పెట్టెది అన్నాడు. వదినను అడిగితే కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే జవాబిచ్చింది.

"ఆమె తెచ్చేది నేను కోస్తాను. ఆమె యాడ తెచ్చిందో నాకేం తెలుసు? నేనేమన్నా సముద్రంలోకి పోయి చూసినానా?"

ఆ మాటతో నా అనుమానం సూటిగా ఆ చేపలామె మీదకు మళ్ళింది. మా దగ్గర వంజరానికి గిరాకీ ఉందని ఆమెకు తెలుసు. హార్బరులో పెట్టె చేప కొని, తమ పడవదని తెచ్చి ఇస్తోందేమో. నేను గోడకు తగిలించిన ఫోటో ఆమె మోసానికి బోర్డు అయిపోయిందేమో. ఇంటికి పోతూ రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఇదే నెమరువేసేదాన్ని. ఆమె ఈమధ్య నాతో సరిగ్గా మాట్లాడడం లేదన్నది కూడా గుర్తొచ్చింది. రోడ్డు మీద ఎదురుపడితే చూపు తిప్పుకుంటోంది. మనసులో ఏదో లేకపోతే ఎందుకు తిప్పుకోవాలి?

ఒక రోజు మా ఆయనకు కూడా చెప్పకుండా మొదటి రైలు పట్టుకుని నేరుగా ఒడ్డుకు వెళ్ళాను. ఇసుకలో వలలు ఆరేసి ఉన్నాయి. పడవలు ఒక్కొక్కటీ వస్తున్నాయి. వాళ్ళ పడవ కూడా వచ్చింది. నలుగురు చేరి ఇసుక మీదకు లాగారు. వలలోంచి విడదీస్తుంటే దూరంగా నిలబడి చూశాను. కాసిని శంకర, కానాగంతలు, ఒక పీత, చేటెడు నెత్తళ్ళు. వంజరం ఒక్కటి కూడా లేదు. ఆమె బుట్టలో సర్దుకుంటూ నన్ను చూసింది. దగ్గరికి వెళ్ళాను.

నేను చుట్టూ తిప్పి అడగలేదు. ఈ చేప కాక బయట చేప ఏదైనా కలిపి మా షాపుకు ఇస్తున్నావా అని అడిగాను. ఆమె చేతులు ఆగిపోయాయి. తరువాత బుట్ట కింద పెట్టింది.

"అక్కా, నేను ఒకటి అడగాలని ఉండాను. మా ఫోటో మీ షాపులో ఎందుకు పెట్టినారు?"

మీ పేరు నలుగురికీ తెలియాలని పెట్టానన్నాను. ఆమె నవ్వలేదు. కుప్పంలో కుర్రకారు ఫోన్లో మా షాపు చూస్తున్నారట. ఫోటో వీళ్ళది, కింద రోజూ వంజరం వేపుడు. నీకు ఒక్కడికే అంత వంజరం ఎక్కడ పడుతోంది, వేట ఆపిన కాలంలో దొంగతనంగా పోయే మరపడవల దగ్గర కొని మన కుప్పం పేరుతో అమ్ముతున్నావా అని వాళ్ళాయనను పెద్దలు పిలిచి అడిగారట. ఆయన కాదన్నాడు. నమ్మిన వాళ్ళు కొందరు, నమ్మని వాళ్ళు ఎక్కువ. ఆమె చెబుతున్నదంతా విన్నాను గానీ, ఆ సమయంలో నాకు గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్న సామెతే గుర్తొచ్చింది. అడిగినదానికి జవాబివ్వకుండా నన్నే ఎదురడుగుతోందే అనుకున్నాను. ఆమె కూడా నా గురించి సరిగ్గా అదే అనుకుని ఉంటుంది. ఇద్దరం ముక్తసరిగా మాట ముగించి చెరో దారిన పోయాం.

ఆ తరువాత వారమో పది రోజులో గడిచాయి. ఒక మధ్యాహ్నం, ఆర్డర్ల ఒత్తిడి తగ్గి నేను కౌంటరు తుడుస్తుండగా ఆమె వచ్చింది. ఎప్పుడూ పెరటి గుమ్మం వైపు వచ్చే మనిషి, ఆ రోజు కొనేవాళ్ళు నిలబడే చోట నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ముందు రోజు తెల్లవారకముందే తమ కుప్పంలో పెద్దాయన ఒకరు పోయారని చెప్పింది. అయ్యో అన్నాను. ఎవరు, ఏమైంది అని అడగబోయాను. ఆమె నన్ను అడగనివ్వలేదు.

"సావు అయితే మా కుప్పంలో ఎవురూ పడవ దించరు. నిన్న ఒక్క పడవ కూడా పోలేదక్కా. నేను ఈడికి చేప తేలేదు. మరి నిన్న మీరు అమ్మింది ఎవురి చేప?"

నిన్న నేను షాపులోనే ఉన్నాను. ట్రే నిండా ముక్కలున్నాయి. నా చేత్తోనే పార్సిళ్ళు కట్టాను, ప్రతి సంచీ మీదా ఆ పడవ బొమ్మ స్టిక్కరు అంటించాను. నేను వంటగది వైపు తిరిగి చూశాను. వదిన మా వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. ఆవిడకు మాటలన్నీ వినబడ్డాయి. గరిటె తిప్పుతూనే ఉంది.

ఆ వీపు చూశాక నాకు ఇంకేమీ అడగాల్సిన అవసరం లేకపోయింది. చేపలామె స్టూలు లాక్కుని ఎక్కి, గోడ మీద ఫోటో తీసుకుంది. దుమ్ము కొంగుతో తుడిచి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆపలేదు నేను.

షట్టరు సగం దించి వదిన ముందు కూర్చున్నాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఏడవలేదు కూడా. పొద్దున ఆమె తెచ్చే చేప పదిమందికి కూడా రాదని, ఆర్డర్లేమో ఆగవని, చేప లేదని యాప్‌లో పెడితే మరుసటి రోజు మన షాపు ఎవరికీ కనబడకుండా అడుగుకు పోతుందని చెప్పింది. అన్న తెల్లారకముందే హార్బరుకు వెళ్ళి పెట్టె చేప తెచ్చేవాడట. చేపలామె వచ్చేసరికి అది కోసి లోపల పెట్టేసేవాళ్ళు. ఎప్పటి నుంచి అంటే, వేట నిషేధానికి చాలా ముందు నుంచే.

"తిన్నోళ్ళల్లో ఒక్కరన్నా రుచి బాగలేదన్నారా? నా చెయ్యి తింటా ఉండారు వాళ్ళు. పడవను కాదు," అంది వదిన.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది. కానీ నన్ను కుదిపింది వదిన మాట కాదు, అన్న. థర్మోకోల్ గురించి అడిగినప్పుడు రెప్ప వేయకుండా పక్కింటి టీవీ అన్నాడు. చిన్నప్పుడు నేను గ్లాసు పగలగొడితే తాను పగలగొట్టానని దెబ్బలు తిన్నవాడు. అంత తేలిగ్గా అబద్ధమాడగలడని నాకు అప్పుడే తెలిసి ఉండాలి. ఆ సాయంత్రం ఇంటికి పోయి మా ఆయన మొహం కూడా పరీక్షగా చూశాను. నీకు తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. సరేనన్నాను.

మర్నాడు వదినను కుప్పానికి రమ్మన్నాను. రానంది. అన్న తలవంచుకుని వింటూ కూర్చున్నాడు గానీ లేవలేదు. ఒక్కదాన్నే వెళ్ళాను. సాయంత్రం వాళ్ళ గుడి ముందు అరుగు మీద పెద్దలు కూర్చుని ఉన్నారు. చేపలామె భర్త కాస్త ఎడంగా నిలబడి ఉన్నాడు. బయట చేప కొన్నది మా ఇంటి వాళ్ళని, ఈ మనిషికి ఏ సంబంధమూ లేదని, ఆయన పడవ పేరు మేం వాడుకున్నామని నాకు వచ్చిన తమిళంలో చెప్పాను. నాకు తమిళం బాగానే వచ్చు. ఆ రోజు మాత్రం మాటలు తడబడ్డాయి. ఒక పెద్దాయన మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకొకాయన ఫోను తీసి, రికార్డు చేస్తున్నాను, ఇప్పుడు చెప్పు అన్నాడు. రేపు కేసు వస్తే మాట మార్చవు కదా అని ఆయన అనుమానం. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. మళ్ళీ చెప్పాను. ఎవరూ నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చేపలామె తన గుమ్మంలోంచి చూస్తూనే ఉంది, బయటికి రాలేదు.

యాప్ నుంచి షాపు తీసేయించాను. అన్నతో ఆ పూట పెద్ద గొడవే జరిగింది, అది ఇక్కడ రాయను. చేప మానేసి కోడిగుడ్డు పులుసు, వంకాయ కూర అమ్మాం. వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. వదిన నాతో అవసరానికి తప్ప మాట్లాడేది కాదు. ఉప్పు అందుకోమని కూడా గోడకు చెప్పినట్టు చెప్పేది.

వానలు మొదలవుతాయనగా, ఒక పొద్దున నేను షాపుకు వెళ్ళేసరికి చేపలామె పెరటి అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన బుట్ట. వాళ్ళాయన పంపితే వచ్చిందో, తనంతట తాను వచ్చిందో చెప్పలేదు. రోడ్డు మీద కూర్చునే చోటు గురించి కార్పొరేషన్ వాళ్ళతో ఏదో తగువు నడుస్తోందని, అమ్మకం సరిగ్గా లేదని మాత్రం అంది. మళ్ళీ చేప ఇస్తాను గానీ ఫోటో పెట్టొద్దంది. చేప కోసేదాకా ఇక్కడే కూర్చుంటానంది. చేప తక్కువైతే తక్కువని రాయాలి, బయట చేప తెస్తే బయటిదని రాయాలి.

"నేను నిన్ను నమ్మి వచ్చినానని అనుకోవద్దక్కా. కండ్లతో చూసేదానికి వచ్చినాను," అంది.

సరేనన్నాను. వదిన ఏమంటుందోనని చూశాను. ఆవిడ లోపలికి పోయి కత్తిపీట తెచ్చి ఆమె ముందు పెట్టింది. తరువాత కాఫీ కూడా తెచ్చింది. నాకు తేలేదు.

ఇప్పుడు గోడ మీద పలక ఉంది. రోజూ పొద్దున ఆ పూట పడిన చేప పేరు రాస్తాం. చేప అయిపోతే తుడిచేస్తాం. ఒకటి రెండు సార్లు బయట చేప తెచ్చినప్పుడు బయటిదని రాశాం. నిజం రాస్తే జనం నమ్ముతారనుకున్నాను. నమ్మలేదు. బయటిదని రాసిన రోజు ఒకామె, అయితే మిగతా రోజులు రాసింది నిజమని ఏమిటి నమ్మకం అని అడిగింది. రిటైరైన పెద్దాయన పలక చదివి, కళ్ళద్దాలు సవరించుకుని, "చాక్‌పీసుతో ఏమైనా రాయొచ్చమ్మా," అన్నారు. అని, నెత్తళ్ళ వేపుడు కట్టించుకుని పోయారు. ఇప్పటికీ రోజూ వస్తారు. ఏమీ నమ్మరు.

మొన్న తుపాను హెచ్చరిక వచ్చి పడవలేవీ కదలలేదు. చేపలామె ముందురోజే ఫోన్ చేసి రానని చెప్పింది. నేను పలక మీద ఏమీ రాయలేదు. మధ్యాహ్నం రైన్‌కోటు వేసుకున్న ఒకాయన వచ్చి వంజరం ఉందా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపల లోపలి నుంచి వదిన గొంతు వినిపించింది.

"లేదు సార్. సముద్రం బాగలేదు. గుడ్డు పులుసు ఉండాది, తీసుకుపోండి."

ఆయన గొణుక్కుంటూ గుడ్డు పులుసు తీసుకుపోయాడు. నేను వదిన వైపు చూశాను, ఆవిడ నా వైపు చూడలేదు. కాసేపటికి మేడ మీద ఆరేసిన బట్టలు తడుస్తున్నాయని పైకి పరిగెత్తింది. ఆవిడ మెట్లెక్కిన చప్పుడు ఆగేదాకా ఉండి, నేను ఫ్రిజ్ తలుపు తీశాను. పెరుగు గిన్నె, కరివేపాకు, గుడ్ల అట్ట. కింద అర కూడా లాగి చూశాను. అల్లం ఉంది. తలుపు మెల్లగా మూసి వచ్చి కౌంటరు దగ్గర కూర్చున్నాను. వాన జల్లు లోపలికి కొడుతోంది, షట్టరు కాస్త దించాను.